గాజువాక పెద్దలతో పాత ఊళ్ల గురించి మాట్లాడుతున్నాను. ఏ సంవత్సరం అని అడగ్గానే మాట ఆగిపోతోంది, ఎలా అడగాలి?

వడ్లపూడి మనవడు:

అందరికీ నమస్కారం. మాది గాజువాక దగ్గర వడ్లపూడి, ఉక్కు నిర్వాసితుల కాలనీ. పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. వయసు 34. చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు, అందుకే అడుగుతున్నాను.

పోయినేడు మా నాన్న పోయారు. ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పాత ఆర్ కార్డు దొరికింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. విశాఖ ఉక్కు కర్మాగారానికి భూములు ఇచ్చిన కుటుంబాలకు ఇచ్చిన పునరావాస కార్డుని మా వైపు ఆర్ కార్డు అంటారు. అరవైకి పైగా ఊళ్లు, ఇరవై వేల ఎకరాలకు పైగా నేల ప్లాంటు కిందకి వెళ్లింది. ఆ జనమే వడ్లపూడి, పెదగంట్యాడ, దువ్వాడ, అగనంపూడి కాలనీల్లో సర్దుకున్నారు. మా నాన్నకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది ఆ కార్డు మీదే. మా ఊరి పేరు చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్నదే. కానీ అది ఒక చోటు అని, దానికి వీధులు ఉండేవని, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో చెప్పగలిగే మనుషులు మా వీధిలోనే తిరుగుతున్నారని నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇన్నేళ్లు నాన్న పక్కన కూర్చుని భోంచేశాను. ఒక్కసారి అడగలేదు.

దసరా నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇప్పటికి పదకొండు మందితో మాట్లాడాను, ఫోన్‌లో రికార్డు చేశాను. మొదలుపెట్టింది మా నాయనమ్మతోనే, ఆవిడకి 84 దాటాయి.

ఊరి గురించి అడిగితే నాయనమ్మ ముందు తిండి చెబుతుంది. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, అందులోకి ఎండుచేప. వేసవిలో జీడితోటల్లో పిక్కలు ఏరడం. ఇసుక నేల, ఆ వైపు సరుగుడు తోటలు, వాటికి అవతల సముద్రం. రాత్రి పూట గాలి తిరిగితే ఇంట్లోకి సముద్రం చప్పుడు వచ్చేదట. కాలనీకి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు లేక నిద్రపట్టేది కాదని చెప్పింది. ఇదంతా హాయిగా చెబుతూ ఉంటుంది. "మరి మనం ఊరు ఖాళీ చేసింది ఏ సంవత్సరం నాయనమ్మా?" అని అడిగానా, ముఖం మారిపోతుంది. "నాకేటి తెలుస్తాది నాయనా, నానేటి సదూకున్నానా?" అంటుంది. ఇక ఆ పూటకి అంతే. ఒక్కసారి మాత్రం తనంతట తనే అంది: "మీ చిన్నత్త పెద్దమనిషైన ఏడు ఆఖరి పంట కోసినాం. మరి ఎయ్యలేదు." దీన్ని సంవత్సరంగా ఎలా మార్చాలి?

రెండో ఇబ్బంది, డబ్బు. నష్టపరిహారం మాట రాగానే అందరూ సర్దుకుంటారు. "అయ్యన్నీ ఎందుకులే బాబూ" అంటారు. పైసా లెక్కలు నాకు అక్కర్లేదు. కానీ ఆ మాట దాటేస్తే కథలో సగం పోతుందేమో అనిపిస్తోంది. మా ఇంట్లోనే ఉంది ఈ సమస్య. మా చిన్నాన్న ఆటో నడుపుతారు. రెండు వీధుల అవతలే ఇల్లు. నేను ఇలా తిరుగుతున్నానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను చూస్తే మాట మార్చేస్తున్నారు.

మూడోది చిన్నదే కానీ నన్ను తినేస్తోంది. ఊరి మంచినీళ్ల నుయ్యి రామకోవెల వెనక ఉండేదని ఇద్దరు చెప్పారు. కాదు, చెరువు గట్టు దిగువన చింతచెట్టు కింద ఉండేదని మరో పెద్దాయన ఖచ్చితంగా చెబుతున్నారు. ఎవరి మాట రాసుకోవాలి?

ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే మా వాళ్లు ఎవరో తెలిసిపోతుంది, వాళ్లని అడగకుండా ఆ పని చేయలేను. ఎవరైనా ఇలాంటి పని చేసి ఉంటే చెప్పండి.


ఫర్నేస్ రిటైర్డ్:

బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేనూ ఆర్ కార్డు మనిషినే. పెదగంట్యాడ వైపు కాలనీ. బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసి రిటైరయ్యాను. ప్లాంటులో ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి అది. మొదటి ఫర్నేస్‌కి గోదావరి అని, రెండోదానికి కృష్ణ అని, తర్వాత వచ్చిన మూడోదానికి అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. 1990లో గోదావరి మొదలైనప్పుడు నేను కాస్ట్ హౌస్‌లో ఉన్నాను. కరిగిన ఇనుము మొదటిసారి కాలవలో పారుతుంటే పక్కనున్న బెంగాలీ ఇంజనీరు చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం. నా చిన్నప్పుడు మేకలు కాసిన మెట్ట అక్కడికి అర కిలోమీటరు ఉండదు. ఆ మాట ఆవేళ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నీకు చెబుతున్నాను.

సంవత్సరం అడగకు. ఆ తరం వాళ్లకి సంవత్సరం అంటే బడి, ఆఫీసు, సంతకం. అడగ్గానే తమకి చదువు లేదన్న సంగతి గుర్తొస్తుంది, మీ నాయనమ్మ చెప్పిన జవాబు అదే కదా. దానికి బదులు గుర్తులు పట్టుకో. "ఉక్కు ఉద్యమానికి ముందా తర్వాతా?" అని అడుగు. మన వైపు ముసలివాళ్లు ఎవరూ దాన్ని మరిచిపోరు. ఉక్కు కర్మాగారం విశాఖకే కావాలని 1966 అక్టోబరులో అమృతరావుగారు విశాఖలో నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబర్ 1న కాల్పులు జరిగాయి, విశాఖలోనే పన్నెండు మంది పోయారు. తర్వాత 1971 జనవరి 20, ఇందిరాగాంధీ శంకుస్థాపన. ఆ రోజు లారీల్లో ఎక్కించుకుని తీసుకెళ్లారని మా అమ్మ చెప్పేది. ఆ తర్వాత రామారావుగారు ముఖ్యమంత్రి అయిన ఏడు, 1983. ఈ మూడు గుర్తుల మధ్య ఏ సంగతినైనా ఇరికించొచ్చు.

మీ నాయనమ్మ చెప్పినదాన్ని మాత్రం తీసిపారేయకు. అంతకన్నా మంచి లెక్క లేదు. మీ చిన్నత్తగారి బడి సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ చూడు, పన్నెండో పదమూడో కలుపు. ఒక ఏడాది అటూఇటుగా వచ్చేస్తుంది. బడి తేదీల్లో వయసు ఒకటి రెండేళ్లు తక్కువేసే అలవాటు ఉండేది, అది కూడా చూసుకో.

ఇక డబ్బు సంగతి. అది డబ్బు సంగతి కాదు బాబూ. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఉంటారు, కార్డు ఒకటే ఉంటుంది. ఉద్యోగం ఒకరికే వస్తుంది. మిగతా ఇద్దరూ ఏమయ్యారో కాలనీలో ఏ గుమ్మం ముందు నిలబడినా కనిపిస్తుంది. మా ఇంట్లో ఉద్యోగం నాకొచ్చింది, మా తమ్ముడికి రాలేదు. నన్ను ఎవరైనా రికార్డర్ పెట్టి అడిగితే నేనూ "ఎందుకులే బాబూ" అనే అంటాను. నువ్వు నీ చిన్నాన్నని ఏమీ అడగకు. ఎక్కడికైనా తీసుకెళ్లమను. డ్రైవర్ మనిషి కూర్చోబెడితే మాట్లాడడు, బండి నడుపుతుంటే మాట్లాడతాడు.

నుయ్యి గురించి ఒక్క మాట. ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఆ మూడో ఆయన ఇల్లు ఊళ్లో ఏ వైపు ఉండేదో కనుక్కో.


సింధియా అమ్మాయి:

అన్నయ్యా, మీరు చేస్తున్న పని చాలా ముఖ్యమైనది. కానీ ఒక మాట చెప్పాలనిపించింది, కోప్పడకండి. గాజువాక అంటే ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఒక్కరే కాదు, ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు కూడా. మీ పదకొండు మందిలో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

మాది మల్కాపురం. మా తాతగారు శ్రీకాకుళం దగ్గర పల్లెటూరి నుంచి ఓడల యార్డులో పనికి వచ్చారు. మా స్టాపు పేరు సింధియా. చిన్నప్పుడు అది ఎవరో అమ్మవారి పేరనుకునేదాన్ని. తాతగారు చెప్పారు: సింధియా స్టీమ్ నావిగేషన్ అని ఒక ఓడల కంపెనీ, వాళ్లే ఇక్కడ యార్డు కట్టారు. 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో జలఉష అనే ఓడని నెహ్రూగారు నీళ్లలోకి వదిలారు. తర్వాత యార్డు ప్రభుత్వానిదై హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ పేరు బోర్డుల మీంచి పోయి ఇన్నేళ్లయినా కండక్టర్ నోట్లో ఇంకా సింధియానే.

నేను మొదలుపెట్టింది అక్కడే, స్టాపుల పేర్లతో. బస్సులో కూర్చుని పక్కనున్న పెద్దవాళ్లని "ఈ పేరు ఎందుకొచ్చిందండీ?" అని అడిగితే చాలు. ఎన్‌ఏడీ అంటే నేవీ ఆయుధాల డిపో అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఇప్పుడు అది ఒక ఫ్లైఓవర్ పేరు. ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీ బీహెచ్‌పీవీ 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయింది, అయినా స్టాపు బీహెచ్‌పీవీనే. జింక్ స్మెల్టర్ మూతపడి పదేళ్లు దాటింది, ఆటోవాళ్లు ఇంకా "జింక్, జింక్" అని పిలుస్తారు. ఒక్కో పేరు దగ్గర ఒక్కో తరం దిగింది. 38 నంబరు బస్సులో అటూఇటూ నాలుగు ఆదివారాలు తిరిగితే నాకు ఒక నోట్‌బుక్ నిండింది.

అడిగే పద్ధతి గురించి నాకు పనికొచ్చినవి చెబుతాను. ఒంటరిగా ఉన్న మనిషి కన్నా ఇద్దరు ఉన్నప్పుడు అడగండి. ముఖ్యంగా ఒకే వయసు ఆడవాళ్లు ఇద్దరు. "కాదొదినా, అప్పటికి మీ పెద్దాడు పుట్టలేదు" అని ఒకరినొకరు సరిచేసుకుంటారు, మీరు నోరు మెదపక్కర్లేదు. చేతిలో ఏదైనా వస్తువు ఉంటే ఇంకా మంచిది. మా తాతగారి ఇత్తడి టోకెన్, యార్డు గేటు దగ్గర ఇచ్చేది, అది చూపిస్తే మా వీధిలో నలుగురు లోపలికెళ్లి వాళ్ల ఇంట్లోవి పట్టుకొచ్చారు. మీ దగ్గర ఆర్ కార్డు ఉంది కదా, అది పట్టుకెళ్లండి.

ఇంకోటి, మంచం మీద కూర్చోబెట్టి అడిగితే ఇంటర్వ్యూలా బిగుసుకుపోతారు. చింతపండు గింజలు తీస్తున్నప్పుడో బియ్యం ఏరుతున్నప్పుడో పక్కన కూర్చోండి, మీరూ ఏరండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత, 2014 అక్టోబరులో, మాకు వారం పైగా కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లు లేవు. రాత్రిళ్లు వీధిలో మంచాలు వేసుకుని కూర్చుంటే మా అమ్మమ్మ, పక్కింటి మామ్మ చెప్పిన సంగతులు అంతకుముందు ఇరవై ఏళ్లలో చెప్పలేదు. అప్పుడు నేను ఒక్కటీ రాసుకోలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు.


పాత పటాలు:

నమస్తే. నేను సర్వే పని చేసేవాణ్ని, కాబట్టి కాగితాల వైపు నుంచి చెబుతాను. మనుషుల మాటలు ఎంత ముఖ్యమో వాటి పక్కన పెట్టడానికి ఒక పటం అంతే ముఖ్యం. పటం లేకపోతే నుయ్యి ఎక్కడుందన్న గొడవ ఎప్పటికీ తేలదు. పటం ఉంటే ఆ పెద్దాయన వేలు పెట్టి చూపిస్తారు.

మొదట 1961 జనాభా లెక్కల విశాఖపట్నం జిల్లా పుస్తకం చూడండి. సెన్సస్ సైట్‌లో పాత జిల్లా పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు. రెవెన్యూ గ్రామం వారీగా విస్తీర్ణం, ఇళ్లు, జనాభా ఉంటాయి. శంకుస్థాపనకి పదేళ్ల ముందు లెక్క కాబట్టి మీ ఊరు దానిలో పూర్తిగా బతికి ఉంటుంది. మీ ఊరు శివారు గ్రామమైతే దాని పేరు విడిగా కనిపించకపోవచ్చు, అప్పుడు అసలు రెవెన్యూ గ్రామం పేరేమిటో ఇంట్లో కనుక్కోండి. పాత పట్టా కాగితం ఒక్కటి ఉన్నా దాని మీద ఉంటుంది.

రెండోది చాలామందికి తెలియదు. 1960 నుంచి 1972 వరకు అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫోటోలు, కరోనా అనే ప్రాజెక్టువి, 1995లో రహస్య జాబితా నుంచి తీసేశారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ సైట్‌లో ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ అనే చోట వెతకొచ్చు. నలుపు తెలుపు ఫోటోలు. మనుషులు కనిపించరు కానీ చెరువులు, గట్లు, తోటలు, బాటలు పోల్చుకోవచ్చు. మబ్బు లేని ఫోటో దొరికే వరకు ఓపిగ్గా చూడాలి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీకి వెనక్కి వెళ్తే సరిపోతుంది కదా అనుకోకండి, మీ ఊరు ఖాళీ అయిన నాటికి అంత వివరంగా కనిపించే ఫోటోలు దానిలో ఉండవు.

మూడోది, భూసేకరణ అవార్డు నకలు, అంటే ఎవరి నేలకి ఎంత పరిహారమో తేల్చిన ఉత్తర్వు కాపీ. ప్రతి సర్వే నంబరుకీ ఎంత నేల, ఎవరి పేరు, నేల మెట్టా పల్లమా, చెట్లు ఎన్ని, నుయ్యి ఉందా అనేది అందులో రాసి ఉంటుంది. నుయ్యికి విడిగా విలువ కడతారు, కాబట్టి మీ చిక్కు అక్కడే విడిపోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు ఐదు రూపాయలు, పై కార్యాలయాల్లో పది. "మా ఊరి వివరాలు కావాలి" అని రాస్తే తిరిగి పంపేస్తారు. గ్రామం, సర్వే నంబరు, కావలసిన కాగితం పేరు, మూడూ స్పష్టంగా రాయాలి.

రికార్డింగుల సంగతి కూడా. ప్రతి రికార్డు మొదట్లో తేదీ, చోటు, ఎవరితో మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పండి. మూడేళ్ల తర్వాత ఫైలు పేరు చూసి ఏమీ గుర్తుపట్టలేరు. ఫోన్‌లో ఒకటే ఉంచకండి, ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టండి.


అగనంపూడి నుంచి అట్లాంటాకి:

ఒక్క విషయం. అప్పికొండ సోమేశ్వరస్వామి గుడికి శివరాత్రికి రండి. చుట్టుపక్కల పోయిన ఊళ్ల వాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నా ఆ రోజు అక్కడికి వస్తారు. మా అమ్మ ఈ వయసులో కూడా వెళ్తుంది. "ఓలమ్మ, నువ్వా" అనుకుంటూ ఇసుకలో కూర్చుని మాట్లాడుకుంటారు. మీరు ఊరికే దగ్గర్లో కూర్చుంటే చాలు. నేను ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే అమ్మ గుడి సంగతి చెప్పదు, ఎవరెవరు కనిపించారో అరగంట చెబుతుంది.


వడ్లపూడి మనవడు:

అందరికీ చాలా చాలా థాంక్స్. శివరాత్రి తర్వాత రాద్దామని ఆగాను. చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు సంవత్సరం. మా చిన్నత్త పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూస్తే 1966 జూలై అని ఉంది. అంటే ఆఖరి పంట 1978 లేదా 79. నాయనమ్మ దగ్గరికెళ్లి, సంవత్సరం ఎత్తకుండా, "అత్తకి ఓణీ ఫంక్షన్ ఊళ్లో చేశామా, కాలనీలోనా?" అని అడిగాను. ఊళ్లోనే అంది. అక్కడి నుంచి పందిరి వేసింది ఎవరు, వంట ఎవరు చేశారు, కుండలు ఎవరింటి నుంచి తెచ్చారు అని గంటన్నర మాట్లాడింది. ఆ ఒక్క ఫంక్షన్ నుంచి నాకు పద్నాలుగు ఇళ్లు దొరికాయి. ఎవరికి పిలుపు వెళ్లిందో ఆ వరసలోనే వీధి చెప్పుకొచ్చింది.

ఇప్పుడు నుయ్యి. ఫర్నేస్ పెదనాన్నగారూ, మీరు అన్నదే. ఆ మూడో పెద్దాయన ఇల్లు పేటలో, అంటే దళితవాడలో ఉండేది. మా వాళ్ల నుయ్యి రామకోవెల వెనక, వాళ్ల నుయ్యి చెరువు గట్టు దిగువన. రెండు నూతులు. మా వాళ్లకి రెండోది గుర్తులేదు, ఎందుకంటే ఎప్పుడూ అటు వెళ్లలేదు. ఆయనకి మాత్రం రెండూ తెలుసు. మా నుయ్యి దగ్గర నీళ్లు తోడుకోనివ్వరు కాబట్టి దాని గట్టు ఎన్ని అడుగుల దూరం నుంచి కనిపిస్తుందో కూడా చెప్పారు. నేను "ఊరి నుయ్యి" అని అడిగినప్పుడు ఆయన తన నుయ్యి చెప్పారు. ఎందుకు చెప్పకూడదు? ఊరు ఆయనది కూడా. పదకొండు మందితో మాట్లాడాను అని గొప్పగా రాశాను కదా, వాళ్లలో పది మంది మా వీధి, మా కులం. ఆయన ఒక్కరే పేట నుంచి, అదీ టీకొట్టు దగ్గర అనుకోకుండా కలిశారు. ఇది నా తప్పు, సరిచేసుకుంటున్నాను.

సింధియా చెల్లీ, నువ్వు చెప్పినట్టు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇద్దరిని కూడా కలిశాను. ఒకాయన ఉక్కునగరం క్వార్టర్లు కట్టేటప్పుడు తాపీ పనికి వచ్చారు. ఆయన గోడలు కట్టిన సెక్టార్‌లో ఇప్పుడు ఆయన మనవరాలు ట్యూషన్‌కి వెళ్తోంది. ఆయనతో ఇంకా చాలా మాట్లాడాలి.

చిన్నాన్న విషయం కొంచెం నెమ్మదిగా రాస్తాను.

శివరాత్రి ముందు రోజు వెళ్లి, "నాయనమ్మని అప్పికొండ తీసుకెళ్లాలి, స్పెషల్ బస్సుల్లో ఆ తోపులాట ఆవిడ తట్టుకోలేదు, నీ ఆటోలో వెళ్దామా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆగి సరే అన్నారు. పొద్దున్న ఐదింటికి బయల్దేరాం. వెనక నాయనమ్మ, పక్కన నేను. చిమ్నీల లైట్లు కనిపించే వరకు ఎవరం మాట్లాడలేదు. అప్పుడు చిన్నాన్న బండి స్లో చేసి, చేత్తో చూపించకుండా గడ్డం ఎత్తి, "అదిగో, ఆ లైట్ల కిందే" అన్నారు. వెనక నుంచి నాయనమ్మ "కాదురా, ఇంకా ఇవతల" అంది. ఇంక ఇద్దరూ ఆపలేదు. చెరువు ఎటు, తాటితోపు ఎటు, శ్మశానం ఎటు అని వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఫోన్ ఆన్ చేయలేదు. ఆ సమయంలో చేయబుద్ధి కాలేదు.

దర్శనం అయ్యాక నాయనమ్మకి తన ఊరివాళ్లు కనిపించారు. ఆవిడని వాళ్ల మధ్య కూర్చోబెట్టి మేమిద్దరం ఒడ్డుకి వెళ్లాం. చిన్నాన్నే మొదలుపెట్టారు. "మీ నాన్న టెన్త్ పాసయ్యాడు, నేను తప్పాను. కార్డు ఒకటే. అయ్య ఇద్దరినీ కూర్చోబెట్టి, పెద్దోడికి ఇద్దాం అన్నాడు. నేను సరే అన్నాను. ఎవరూ నన్ను మోసం చెయ్యలేదు, అది నువ్వు రాసుకో" అన్నారు. కొంచెం ఆగి, మొదటి జీతం రాగానే నాన్న ఆయనకి సైకిల్ కొనిచ్చారని, ఆ సైకిల్ మీదే ఆయన కూర్మన్నపాలెంలో పాలు వేశారని చెప్పారు. "తర్వాత మీ నాన్న నాతో సరిగ్గా మాట్లాడేవాడు కాదు. నాకు కోపం ఉందనుకునేవాడు. నేనేమో ఆయనకి ఉద్యోగం వచ్చాక గర్వం వచ్చిందనుకున్నాను." ఇది ఇక్కడ రాయొచ్చా అని అడిగాను. పేరు లేకుండా రాయమన్నారు.

ఇసుకలో ఆయన వేలితో ఊరు గీశారు. నేను ఫోటో తీసుకున్నాను. ఇంటికొచ్చాక దాన్ని పెద్ద చార్టు మీద వేసి, నాయనమ్మ చెప్పిన పద్నాలుగు ఇళ్లు పెట్టాను. చిన్నాన్న ఇంకో తొమ్మిది పెట్టారు. రామకోవెల, బడి, చెరువు, ఒక నుయ్యి దాని మీద ఉన్నాయి. చెరువు గట్టు దిగువన ఖాళీగా ఉంచాం, అక్కడ గీయాల్సింది మేం కాదు.

పాత పటాలు గారూ, 1961 లెక్కల్లో మా రెవెన్యూ గ్రామం దొరికింది, ఆ పేజీ ప్రింట్ తీసి నాయనమ్మకి చదివి వినిపించాను. అవార్డు నకలు కోసం దరఖాస్తు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. కరోనా ఫోటోల్లో మబ్బు లేనిది ఇంకా వెతుకుతున్నాను. సైట్ కొంచెం గందరగోళంగా ఉంది, వీలైతే మెసేజ్ చేయండి.

పేటలో పెద్దాయన ఈ ఆదివారం నాలుగింటికి రమ్మన్నారు. వాళ్ల అప్పగారు కూడా దువ్వాడ నుంచి వస్తారట, ఆవిడకి ఇంకా ఎక్కువ తెలుసన్నారు. చార్టు చుట్టి పెట్టాను, పెన్సిల్, రబ్బరు కొన్నాను. నాయనమ్మ తనూ వస్తానంటోంది. ఆ ఇంటికి ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. చిన్నాన్న మూడున్నరకి ఆటో తెస్తానన్నారు, నడుముకి ఆసరాగా ఒక దిండు పెట్టమన్నారు.